కోరంగికి పోటు చూసుకుని వెళ్ళండి: ఎనిమిదేళ్ళ తిరుగుడు తర్వాత ఒక సమీక్ష

మొదటిసారి కోరంగి అభయారణ్యానికి వెళ్ళినప్పుడు నేను చూసిన పక్షులు నాలుగు. అందులో ఒకటి కాకి.

డిసెంబరు నెల, ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర. ఎవరిని అడిగినా శీతాకాలమే మంచిదనీ, పొద్దున్నే వెళ్ళమనీ చెప్పారు. మడచెట్ల మధ్య వేసిన చెక్కల బాట మీద ఆ చివరిదాకా నడిచాను. కింద బురద అనేదే కనబడలేదు, నిండా నీళ్ళు. కొత్తగా కొన్న బైనాక్యులర్ మెడ నొప్పి పుట్టించడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఇంటికొచ్చి "పేరు గొప్పేగానీ అక్కడేం లేదు" అని నలుగురికీ చెప్పాను. చెప్పింది తప్పని నాకు తెలియడానికి ఇంకో రెండు శీతాకాలాలు పట్టింది. ఇప్పటికి ఎనిమిదేళ్ళయింది. ఏడాదిలో నేను అక్కడికి వెళ్ళని నెల లేదు.

ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో, గోదావరి పాయలైన కోరంగి, గాడేరు సముద్రాన్ని చేరే చోటు ఇది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. తూర్పున హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక తిన్నె అడ్డం పడుకుని ఉండటంతో సముద్రపు అలల జోరు లోపలికి రాదు. నది తెచ్చిన ఒండ్రు అక్కడే పేరుకుంటుంది. దాని మీద మడ అడవి, అడవి ముందు మైళ్ళకొద్దీ బురద. ఒకప్పుడు ఇక్కడి రేవు నుంచి ఓడలెక్కి ఎంతమంది బర్మా వెళ్ళారంటే, అక్కడ తెలుగువాళ్ళందరికీ "కోరంగీలు" అనే పేరు పడిపోయింది. 1839 తుపాను ఆ రేవును ఊడ్చిపెట్టేసింది. పక్షులకి మాత్రం రేవు ఇప్పటికీ అదే.

ఇక అసలు సంగతి. ఇక్కడ పక్షులు మన గడియారం ప్రకారం నడవవు, పోటూ పాటూ ప్రకారం నడుస్తాయి. పోటు మీద సముద్రపు నీళ్ళు పాయల్లోకి ఎక్కి బురదంతా మునిగిపోతుంది. ఆ వేళ బురదలో మేసే ఉల్లంకి పిట్టలకి తిండి దొరకదు. ఎక్కడో దూరపు తిప్ప మీద గుంపుగా చేరి, ముక్కు వీపు ఈకల్లో దూర్చి ఒంటికాలి మీద కునుకు తీస్తుంటాయి. పాటు మొదలై నీళ్ళు దిగడం ఆరంభించాక తడి బురద బయటపడుతుంది, పీతలూ పురుగులూ పైకొస్తాయి, వాటి వెనకే పిట్టలు. అంటే ఆ మొదటి ఆదివారం నేను వాటి నిద్రవేళకి వెళ్ళానన్నమాట.

దీనికి యాప్‌లున్నాయి. నేను గోడ మీద వేలాడే తెలుగు క్యాలెండర్ చూస్తాను. అమావాస్యకీ పౌర్ణమికీ ఈ తీరంలో పొద్దున తొమ్మిది ప్రాంతంలో నిండు పోటు, మధ్యాహ్నం మూడు ప్రాంతంలో నిండు పాటు. ఆ తర్వాత రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ, అష్టమి నాటికి వ్యవహారం తారుమారవుతుంది: పొద్దున పాటు, మధ్యాహ్నం పోటు. కాకపోతే అష్టమి రోజుల్లో పోటూ పాటూ రెండూ నీరసంగా ఉంటాయి, బురద తక్కువ బయటపడుతుంది. పాయల్లోకి లోపలికి వెళ్ళేకొద్దీ ఈ వేళలు ఇంకాస్త ఆలస్యం. ఇవి నా నోట్‌బుక్ లెక్కలు, గాలిని బట్టి అటూ ఇటూ అవుతాయి. పడవెక్కే పని ఉంటే మాత్రం ఆ రోజు పట్టిక చూసుకోండి.

అందుకే నా మటుకు శీతాకాలపు అమావాస్య మధ్యాహ్నం, ఒంటిగంటన్నర నుంచి నాలుగున్నర దాకా, కోరంగిలో అన్నిటికన్నా మంచి వేళ. "పక్షులంటే తెల్లవారుజామున కదా" అని నన్ను చాలామంది వెక్కిరించారు. అడవి పిట్టల విషయంలో వాళ్ళ మాట నిజమే. బురద పిట్టలకి మాత్రం వర్తించదు. పైగా ఇక్కడ బురద మనకి తూర్పువైపున ఉంటుంది. పొద్దున చూస్తే ఎండ కళ్ళలోకే కొడుతుంది, పిట్టలన్నీ నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండ మన వీపు మీద పడుతుంది, అప్పుడు కాళ్ళ రంగు కూడా తెలుస్తుంది. ఉల్లంకి పిట్టల్లో ఏది ఏదో పోల్చుకోవడానికి సగం ఆధారం ఆ కాళ్ళే. పుష్యమాసం చివర వచ్చే చొల్లంగి అమావాస్యకి పొద్దున జనమంతా సముద్రస్నానాలకి పోటెత్తుతారు. ఆ రోజు నిండు పోటులో మునిగి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం కాసేపు ఆగితే, ఆ నీళ్ళే దిగిపోయాక ఏం బయటపడుతుందో చూడొచ్చు. నేను ఏటా ఆగుతాను. మా ఇంట్లో దీన్ని భక్తి కింద జమ కట్టరు.

నవంబరు చివర నుంచి మార్చి మొదటి వారం దాకా పెద్ద బజారు. కర్లూలు, నల్లతోక గాడ్విట్‌లు, రెడ్‌షాంక్‌లు, సాండ్ ప్లోవర్లు, గ్రేట్ నాట్‌లు లాంటి బురద పిట్టలు ఉంటాయి. పైన చేపల కోసం చక్కర్లు కొట్టే ఆస్ప్రే, దాని దగ్గర లాక్కోవడానికి తయారుగా గరుడపక్షులు. గ్రేట్ నాట్ చూడటానికి బూడిదరంగు మట్టిముద్దలా ఉంటుంది, మొదటి రెండేళ్ళూ దాన్ని నేను లెక్కే చేయలేదు. ఈశాన్య సైబీరియాలో గుడ్లు పెట్టి ఇక్కడికి వచ్చే పిట్ట అది. ప్రపంచంలో అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిలో ఒకటి. అది తెలిశాక చూపు మారింది. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. వీలుంటే ఎవరైనా అనుభవజ్ఞుల వెంట వెళ్ళండి. నేను ఒంటరిగా రెండేళ్ళలో నేర్చుకోనిది అలాంటి ఒక్క పూటలో నేర్చుకున్నాను.

ఇప్పుడు నా మూర్ఖత్వం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ ఎనిమిదేళ్ళలో బాగా చూసింది ఆ పూటే.

నాలుగో ఏడు, ఫిబ్రవరి. ఒక సన్నపాయలోకి పడవ మీద వెళ్ళాం. పడవ నడిపే పెద్దాయనకి అరవై ఉంటాయి, నేను బాబాయ్ అంటాను. ముందర విమ్‌బ్రెల్ అనే కర్లూ జాతి పిట్ట ఒకటి కనిపించింది. "ఇంకో పది నిమిషాలు ఆగుదాం బాబాయ్" అన్నాను. ఆయన నీళ్ళ వైపు చూసి, "పాటు లాగేస్తందండి, ఎనక్కెళ్ళిపోదాం" అన్నాడు. నేను మళ్ళీ పది నిమిషాలన్నాను. మూడోసారి ఆయన ఏమీ అనలేదు. గడకర్ర బురదలో గుచ్చి చూసి, తలగుడ్డ విప్పి, దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. "ఇంక పోటొచ్చేదాకా కదల్దండి, ఆయ్." పడవ అడుగు బురదలో కూరుకుపోయింది. దిగి నెట్టడానికి లేదు, దిగితే మొలదాకా దిగిపోతాం.

నాలుగు గంటలు అలాగే కూర్చున్నాం. మొదటి అరగంట నాకు సిగ్గు, ఆ తర్వాత దోమలు. కదలకుండా కూర్చోగా కూర్చోగా మా పడవ కూడా ఒక మొద్దు కింద లెక్కయిపోయిందేమో, విమ్‌బ్రెల్ నడుచుకుంటూ పదడుగుల దూరానికి వచ్చింది. కిందికి వంగిన పొడుగు ముక్కుని పీత కన్నంలోకి పోనిచ్చింది. ఆ ముక్కు వంపుకీ కన్నం వంపుకీ అతికినట్టు సరిపోయింది. బయటికి లాగింది పెద్ద పీతే. దాన్ని ఒక డెక్క పట్టుకుని విదిలించింది, డెక్క ఊడి పీత అవతల పడింది. రెండో డెక్క పట్టుకుని మళ్ళీ విదిలింపు. తర్వాత నీళ్ళున్న గుంటకి తీసుకెళ్ళి ముంచి తీసి బురద కడుక్కుంది. కడుక్కుని మింగింది. బాబాయ్ అది చూసి, "మా ఇంట్లోనూ అంతేనండి, డెక్కలు ఇరిచాకే కడుగుతారు" అన్నాడు.

దాని వెనక టెరెక్ ఉల్లంకి. చిన్న పిట్ట, నారింజరంగు పొట్టికాళ్ళు, పైకి వంగిన ముక్కు. మిగతావి నిలబడి బురదని పొడుస్తుంటే ఇది తల వంచి, బస్సు అందుకునేవాడిలా పరిగెత్తి పీతల్ని పట్టుకుంటుంది. నాలుగొందల గజాల దూరం నుంచైనా ఆ పరుగును బట్టే దాన్ని గుర్తుపట్టొచ్చని ఆ రోజు తెలిసింది. చీకటి పడేవేళకి నీళ్ళు తిరిగొచ్చి పడవ తేలింది. బాబాయ్‌కి ఇవ్వాల్సిన దానికి రెండింతలు ఇచ్చాను, ఆయన వద్దనలేదు.

మిగతా కాలాల సంగతి. మార్చి చివర, ఏప్రిల్‌లో జనం మానేస్తారు, ఎండ మండిపోతుంది. కానీ రంగుల కోసం వెళ్ళాల్సింది అప్పుడే. శీతాకాలమంతా బూడిదరంగులో మన ఓపికని పరీక్షించిన సాండ్ ప్లోవర్లకి రొమ్ము మీద ఇటుకరంగు ఎక్కుతుంది, గ్రేట్ నాట్ రొమ్ము నిండా నల్లమచ్చలు దిగుతాయి. ప్రయాణానికి ముందు బాగా మేసి ఒళ్ళు చేస్తాయి కూడా. మే, జూన్ నెలల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వలస పిట్టల్లో వెనక్కి వెళ్ళని కుర్రవి కొన్ని మిగులుతాయి, ఎండకి మనం మిగలం.

జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే పాయల రంగు మారిపోతుంది. ఎర్రనీళ్ళు, ఉప్పు విరిగిపోతుంది, కొమ్మలూ గుర్రపుడెక్కా కొట్టుకొస్తాయి. పడవలు ఆపేస్తారు, ఆపాలి కూడా. ఈ కాలంలో నాకు ఇష్టమైనది చెక్కల బాటే. వాన వెలిసిన పూట మడచెట్ల కింద, బురదలోంచి మేకుల్లా పైకి లేచిన ఊపిరివేర్ల మధ్య మడ్‌స్కిప్పర్ చేపలు రెక్కల మీద పాకుతుంటాయి. ఫిడ్లర్ పీతల్లో మగవాటికి ఒక డెక్క మాత్రం ఒంటికి మించినంత పెద్దది, దాన్ని ఊపుతూ ఆడపీతల్ని పిలుస్తుంటాయి. నల్లటోపీ లకుముకి ఎదురైతే అదృష్టం: ఊదా కలిసిన నీలం వీపు, ఎర్రటి ముక్కు. మామూలు గుడ్డికొంగలకి కూడా ఆ రోజుల్లో వీపు మీద ముదురు మెరూన్ రంగు వచ్చి ఏదో కొత్తపిట్టలా మోసం చేస్తాయి. మొదటి ఏడు నేను దాన్ని కొత్తపిట్టనే రాసుకున్నాను.

ఆగస్టు నెలాఖరుకే ఉత్తరం నుంచి మొదటి బ్యాచ్ దిగిపోతుంది. ముందు వచ్చేవి పెద్దవి, వేసవి రంగులు వెలిసి, ఈకల అంచులు అరిగి ఉంటాయి. పిల్లలు ఆ తర్వాత, దారి చూపేవాళ్ళు లేకుండానే వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే అటువైపు చూడొద్దు.

స్కిమ్మర్ల కోసం చెక్కల బాట మీద వెతక్కండి. కింది ముక్కు పొడుగ్గా, పై ముక్కు పొట్టిగా ఉండి, నీళ్ళని ముక్కుతో కోసుకుంటూ ఎగిరే ఆ పిట్టలు శీతాకాలంలో కాకినాడ తీరంలో బయటి ఇసుక తిప్పల మీద చేరతాయి. చంబల్ లాంటి నదుల ఇసుక మేటల మీద గుడ్లు పెట్టే జాతి అది. 2020లో దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి ఎక్కించారు. ఫొటో కోసం దగ్గరికి పోయి గుంపుని లేపే మహానుభావుల్ని చూశాను. వాళ్ళకి వచ్చిన ఫొటోలన్నీ తోకలే. అలాగే జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇసుక తిన్నెల మీద టార్చిలైట్లతో తిరగొద్దు.

సామాను విషయంలో నా డబ్బు రెండుసార్లు బురద పాలయింది. మొదటిది 10×50 బైనాక్యులర్. పడవలో చెయ్యి వణికితే పదింతల వణుకు కనబడుతుంది. ఇప్పుడు ఎనిమిదింతలు చూపే 8×42 వాడుతున్నాను, చాలు. రెండోది, మొదటిదాన్ని తోలుసంచిలో పెట్టి వానాకాలమంతా బీరువాలో దాచడం. సెప్టెంబరులో తీసి చూస్తే అద్దం లోపల సాలెగూడులా బూజు. ఉప్పుగాలి తగిలిన వస్తువుని తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టాలని అప్పుడు నేర్చుకున్నాను. బురద పిట్టల మీద నిజంగా మనసుంటే అప్పో సప్పో చేసి స్కోప్ (స్టాండు మీద పెట్టి ఒంటికంటితో చూసే దుర్భిణి) కొనుక్కోండి. బైనాక్యులర్‌కి అవి చుక్కలు, స్కోప్‌కి అవి పిట్టలు.

అసంతృప్తి లేదని కాదు. సెలవురోజుల్లో బాట మీద ఫోను పాటలు, కేరింతలు, ఊపిరివేర్లకి చిక్కుకున్న చిప్స్ కవర్లు. పోటు మీద వచ్చిన కవరు పాటు మీద పోదు, ఆ వేర్లు జల్లెడలా పట్టేస్తాయి. మామూలు రోజున వెళ్ళండి, లేదా జనమంతా భోజనాలకి కూర్చున్న వేళ వెళ్ళండి.

నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్) కోసం వెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నా. కోరంగికి అదంటేనే పేరు. రాత్రి తిరిగే జంతువు, మనకి మిగిలేది పగలు. నీటికుక్కలు మూడుసార్లు కనబడ్డాయి, ఒకసారి నాలుగు కలిసి ఈదుకుంటూ పడవ ముందు నుంచే వెళ్ళాయి. పిల్లి మాత్రం లేదు. పాటు దిగిన బురద మీద గోరుముద్ర కూడా తెలిసేంత స్పష్టంగా దాని అడుగులు చూశాను, అంతే. ఇలాగైతే ఎలా అని మొన్న బాబాయ్ దగ్గర వాపోయాను. ఆయన చుట్ట ఆర్పి, "కనబడితే ఓ ఫొటో తీసి పెట్టండి బాబూ, ముప్పై ఏళ్ళబట్టి పడవేస్తన్నాను, నేనూ సూళ్ళేదు" అన్నాడు.