క్యూజీఐఎస్: కొలత కిటికీలోని ఆ రెండు బటన్లు

పటాలు గీసి కొలిచే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితమనీ, దానికి ప్లగిన్లు (అదనపు పరికరాలు) కొల్లలుగా దొరుకుతాయనీ, లైనక్స్‌లో కూడా నడుస్తుందనీ ఈపాటికే అందరూ రాసేశారు. నగరంలోని చెరువుల మీద పరిశోధన చేస్తూ ఏళ్ల తరబడి దీంతోనే కాపురం చేస్తున్నాను కాబట్టి, దీని మీద నాకింత ప్రేమ ఎందుకు కలిగిందో ఆ ఒక్క సంగతే చెప్తాను. కొలత పరికరం తెరిస్తే వచ్చే చిన్న కిటికీలో కార్టీజియన్ (పటాన్ని చదునుగా భావించి కొలిచేది), ఎలిప్సాయిడల్ (భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకునేది) అని రెండు బటన్లుంటాయి. చాలామంది వాటి జోలికే పోరు.

హైదరాబాద్‌లో ఒక చెరువు ఎన్ని ఎకరాలో చెప్పడమంటే తగాదాలో తలదూర్చడమే. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు హద్దు నుంచి 30 మీటర్ల బఫర్, అంటే కట్టడాలు లేని ఖాళీ పట్టీ, వదలాలి. అంతకంటే చిన్నదైతే 9 మీటర్లే. 10 హెక్టార్లంటే మన లెక్కలో సుమారు 24 ఎకరాల 28 గుంటలు. చెరువు దానికి కాస్త అటో ఇటో ఉందంటే, చుట్టూ 21 మీటర్ల పట్టీ బఫర్‌లో పడడమా బయట ఉండడమా అన్నది మన కొలత మీదే ఆధారపడుతుంది. ఆ పట్టీలో ఎవరి ప్లాటో ఉండనే ఉంటుంది.

శేరిలింగంపల్లి వైపు ఒక చెరువు గురించి బయటినుంచి మాకో నివేదిక వచ్చింది. అందులో విస్తీర్ణం 25 ఎకరాల పైచిలుకు. దాంతోపాటు పంపిన హద్దు ఫైలునే మా జూనియర్ తెరిచి కొలిస్తే 23 ఎకరాలే వచ్చింది. హద్దు అదే, ఒక్క బిందువు కూడా కదల్లేదు. మరి ఆ రెండెకరాలు ఎక్కడినుంచి ఊడిపడ్డాయి? పాత టోపోషీట్ (సర్వే పటం) తేడా అని ఒకరు, వానాకాలం ఉపగ్రహ చిత్రం చూసి గీసుంటారని ఇంకొకరు. మా గైడ్ మేడమ్ అయితే హద్దు మళ్లీ మొదట్నుంచి గీయమన్నారు. గీసేముందు ఒకసారి చూద్దామని కొలత పరికరంతో చెరువు చుట్టూ క్లిక్ చేసుకుంటూ వెళ్లాను: కట్ట పొడవునా, అలుగు దగ్గర మలుపు తిరిగి, వెనక శిఖం భూమి మీదుగా మళ్లీ కట్టకి. కుడి క్లిక్‌తో ముగించి, ఎలిప్సాయిడల్ మీదున్న చుక్కను కార్టీజియన్ మీదికి మార్చాను. 23 కాస్తా 25 దాటింది. మళ్లీ ఇటు నొక్కితే 23. మేడమ్‌తో సహా గదిలో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి నొక్కి చూసుకున్నారు.

ఆ ఫైలు ఉన్నది వెబ్ మెర్కేటర్ అనే ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని చదును పటంగా పరిచే పద్ధతుల్లో ఒకటి), దాని కోడ్ ఈపీఎస్‌జీ 3857. ఖాళీ ప్రాజెక్టులో ముందుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ పటం పరిస్తే ప్రాజెక్టు దానంతటదే అందులోకి పోతుంది, దాని మీద గీసినవీ అందులోనే పడొచ్చు. భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ ఆ పటం సాగుతుంది. మన 17 డిగ్రీల చిల్లర అక్షాంశం దగ్గర పొడవు 5 శాతం, వైశాల్యం 10 శాతం పెరుగుతాయి. నివేదిక రాసినవాళ్లు ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో (సూత్రాలతో లెక్కలు కట్టే కిటికీలో) జామెట్రీని, అంటే గీసిన ఆకారాన్ని, బ్రాకెట్లో పెట్టే ఏరియా ఫంక్షన్ వాడారు, అది ఫైలు ఏ ప్రొజెక్షన్‌లో ఉంటే అందులోనే కొలుస్తుంది. డాలర్ గుర్తుతో మొదలయ్యే ఏరియా అయితే భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. రెండూ ఒకే జాబితాలో ఉంటాయి. గుంటల్లో మాత్రం ఏదీ చెప్పదు, ఎకరాల తర్వాతి దశాంశాన్ని 40తో మనమే గుణించుకోవాలి.

డాలర్ ఏరియాని నమ్ముకోండని అప్పట్లో కనిపించినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు చిన్న షరతు పెడుతున్నాను. ప్రాజెక్టు సెట్టింగుల్లో ఎలిప్సాయిడ్ (భూమి ఆకారం) దగ్గర ‘నన్’ అని ఉంటే అదీ సమతలం లెక్కే ఇస్తుంది, పైగా నోరు మెదపదు. ఎవరి దగ్గర్నుంచైనా ప్రాజెక్టు ఫైలు తీసుకుంటే ముందు ఆ పేజీ చూడాల్సిందే. బఫర్ పరికరంతో ఇంకో తంటా. పొర (పటంలో పరిచిన ఫైలు) డిగ్రీల్లో ఉంటే పసుపు గుర్తు చూపించి హెచ్చరిస్తుంది, బాగుంది. అదే 3857లో ఉంటే ‘మీటర్లు’ అని హాయిగా రాసి, 30 అడిగితే నేల మీద 28న్నర మీటర్లకే గీసిస్తుంది. అంటే విస్తీర్ణం ఎక్కువ చూపించిన ఫైలే బఫర్ తక్కువ గీస్తుంది. ఇన్ని ఏళ్లుగా వాడుతున్నా ఇది నాకు మింగుడుపడడం లేదు.

నేనైతే దేన్నైనా ముందు యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్) 44వ జోన్‌లోకి, అంటే ఈపీఎస్‌జీ 32644లోకి మార్చాకే ముట్టుకుంటాను. మూసీ పుట్టిన అనంతగిరి కొండలు 78 డిగ్రీల రేఖకు పడమర, 43వ జోన్‌లో ఉంటాయి. అయినా 44లోనే కొలిస్తే వైశాల్యంలో తేడా వెయ్యికి రెండు పాళ్లు, నా పనికి అది లెక్కలోకి రాదు. సర్వే హద్దురాళ్లు పాతేవాళ్లకు రావచ్చు.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఏదో ఒక ప్లగిన్ మొరాయిస్తుంది కాబట్టి ఎల్‌టీఆర్ (ఎక్కువకాలం సవరణలు అందే స్థిరమైన వెర్షన్) దాటి పోను. డబ్బు కట్టి వాడే పోటీ సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్ లైసెన్సు ఆఫీసే కడుతుంటే, అందులో చెయ్యి తిరిగుంటే, మారమని నేను చెప్పను. నా ఫెలోషిప్ డబ్బుకు ఆ లైసెన్సు కలలో మాట. నావి చిన్న చెరువులు, ఒక్క ల్యాప్‌టాప్, అడిగితే లెక్క ఎలా వచ్చిందో విప్పి చూపించాల్సిన పని. వీటికి ఇది సరిపోతోంది. రాష్ట్రం మొత్తాన్ని ఒకే పటంలో పెట్టి పనిచేసేవాళ్లకు ఎలా ఉంటుందో వాళ్లే చెప్పాలి.