ఇంటికొచ్చి గేదెలకు ఎద సూది వేసే సర్వీసు: 4 స్టార్లు

మాది తెనాలి దగ్గర పల్లె. ఆరు ముర్రా గేదెలున్నాయి. రెండేళ్లుగా ఒకే కుర్రాడితో సూది (ఎదకొచ్చినప్పుడు దున్న వీర్యం ఎక్కించడం) వేయిస్తున్నాను.

మొదటిరోజు గడ్డకట్టిన వీర్యం ఉండే క్యాను మూత తీయకముందే పుస్తకం తీశాడు. "అక్కా, ఈ పడ్డకి తండ్రి ఎవరు?" "దీనికీ ఆధార్ కావాలా అబ్బాయ్" అన్నా. చెవిపోగు మీది 12 అంకెలు రాసుకుంటూ "ఇదే దాని ఆధార్" అన్నాడు.

అంతకుముందు వచ్చినాయన ఇవేం అడిగేవాడు కాదు. "ముర్రానేనమ్మా, మంచి దున్నది" అని వేసేసి పోయేవాడు. ఖాళీ స్ట్రాలు (వీర్యం నింపి ఉండే సన్న గొట్టాలు) క్యాలెండరు వెనక దాచడం నాకు అలవాటు. ఒక పడ్డ చూడి కట్టాక చూస్తే, దాని తల్లికి వేసిన స్ట్రా మీదా దీని స్ట్రా మీదా దున్న నంబరు ఒకటే. కూతురికి తండ్రినే కట్టామన్నమాట! దూడ నీరసంగా పుట్టి పదకొండో రోజు పోయింది. అందుకే పోయిందని ఒట్టేసి చెప్పలేను, నట్టల మందు పట్టడం నేనూ ఆలస్యం చేశాను.

ఇది చెబితే కుర్రాడు లెక్క కట్టాడు. అలా పుట్టిన దూడలో ఏ జన్యువైనా ఆ దున్నలోని ఒకే ప్రతి రెండువైపుల నుంచీ వచ్చే అవకాశం 25 శాతం. దున్నలో లోపం దాగి ఉంటే, రెండు వైపులా వచ్చి కలిసినప్పుడు బయటపడుతుందట. తల్లులు వేరై తండ్రి ఒకటైన వాటిని కలిపితే 12.5. మనుషుల్లో మేనమామ, మేనకోడలు పెళ్లికీ అంతే. మా అమ్మానాన్నలది ఆ పెళ్లే, కాబట్టి నేను మాట్లాడకుండా కుడితి కలుపుకున్నాను. ఒక్క దున్న నుంచి వేల స్ట్రాలు తీస్తారు కదా, ఒకే కట్ట ఊరంతా వాడితే ఏ కొట్టంలో చూసినా అప్పచెల్లెళ్లే.

పనీ నీటు. స్ట్రాని 37 డిగ్రీల నీళ్లలో, థర్మామీటరు పెట్టి మరీ, అర నిమిషం ఉంచుతాడు. పాతాయన చొక్కా జేబులో వేసుకునేవాడు. వేసిన ఖాళీ స్ట్రా నా చేతికే ఇస్తాడు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, క్యానులో రెండు దున్నలవే ఉంటాయి. కిందటి నెల మా మూడో గేదె ఎదకొస్తే, ఒకటి దాని తండ్రిది, రెండోది ఆ తండ్రి కొడుకుది. "వద్దక్కా" అని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. 21 రోజులాగి మళ్లీ ఎదకొచ్చాక కొత్త దున్నది తెచ్చి వేశాడు.

సూదికి 300. ఫోన్ పొద్దున 8 లోపే చేయండి, తర్వాత ఎత్తడు.