గొట్టం ఊదితే దుప్పి వస్తుందా? వింటన్ కౌంటీలో మూడు రాత్రులు

ముందు లెక్క చెబుతాను, నా కడుపుమంట అక్కడే ఉంది. వేటగాళ్ళకు అద్దెకిచ్చే ఇంట్లో మూడు రాత్రుల బస, దాని యజమాని మంచెలు కట్టి ఉంచిన తన సొంత అడవిలో విల్లుతో దుప్పి వేట కలిపి నాకు 650 డాలర్లు. విల్లు ముట్టని మా బావమరిదికి సగం, 325. దుప్పులను పిలిచే సామాను 55. ఆ సామాను ఎలా ఊదాలో చూపించినందుకు 60. ప్రకటనలో మాత్రం "పిలుపుల్లో ఆరితేరిన మనిషి మీ వెంటే ఉంటాడు" అని ఉంది. ఆ మనిషి మా వెంట ఉన్నది గురువారం సాయంత్రం ఇరవై నిమిషాలు, అది కూడా వరండాలో.

మేముండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో. అక్కడి నుంచి ఆగ్నేయంగా గంటన్నర కారులో పోతే వింటన్ కౌంటీ. గుట్టలు, లోయలు, ఓక్ చెట్లు. నేను విల్లు పట్టి ఇది మూడో ఏడు. ఒహాయో నివాసులకు వేట లైసెన్సు, దుప్పి పర్మిట్ రెండూ కలిపి యాభై డాలర్ల దరిదాపులో అయిపోతాయి. అయితే కొమ్ములున్న దుప్పిని ఏడాదికి ఒక్కదాన్నే కొట్టాలి, అందుకే ఆ ఒక్కదాని కోసం మనిషి ఇంత ఖర్చుకు దిగుతాడు. నవంబర్ మొదటి వారం ఎందుకంటే, తెల్లతోక దుప్పిపోతులు జత కోసం పగలనక రాత్రనక తిరిగేది అప్పుడే.

ఒక్క చిక్కు. అది కార్తీకమాసం. పౌర్ణమి మరునాడు బయలుదేరాం. బావమరిది నెల మొత్తం నీచు ముట్టడు, కానీ ఫోటోలు తీస్తానని వెంటపడ్డాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "అక్కడ దుప్పి మనిషి గొంతుతో అరిచి మోసం చేసింది, ఇక్కడ మీరు దుప్పి గొంతుతో అరవబోతున్నారా? మారీచుడికి మీకు పెద్ద తేడా లేదండీ" అంది. దారంతా బావమరిది నన్ను మారీచుడు బావా అనే పిలిచాడు.

బస గురించి చెప్పాలి. విల్లువేటలో మనిషి వాసనే సగం శత్రువు. అందుకే వాసన అంటకుండా బట్టలు ఆరేసుకోవడానికి వేరే గది ఉందని ప్రకటనలో గొప్పగా రాశారు. ఆ గది ఉంది. దాని పక్కనే వంటగది, మధ్యలో తలుపు లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకే వేరే బృందం కోసం పంది మాంసం వేయించడం మొదలుపెట్టారు. ఇంట్లో వాసన లేని సబ్బుతో ఉతికి, సంచిలో మూట కట్టి తెచ్చిన నా బట్టలు ఆ పొగలో ఊరాయి. కార్తీకమాసం మనిషి ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని కారులో కూర్చున్నాడు. యజమానిని అడిగితే, "దుప్పులకు ఈ వాసన అలవాటే" అన్నాడు. ఆ మాటకు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. శాకాహారం పెడతామన్నది కూడా అంతే. చిక్కుడు గింజల సూప్ అని పెట్టిన గిన్నెలో పంది ఎముక తేలింది. బావమరిది తెచ్చుకున్న పులిహోర, ఆవకాయే మూడు రోజులు ఇద్దరినీ నిలబెట్టాయి.

ఇక పిలుపులు. 55 డాలర్ల సంచిలో మూడు వస్తువులు. పోతు గుర్రుమన్నట్టు పలికే గొట్టం ఒకటి, తలకిందులు చేస్తే ఆడదుప్పిలా అరిచే డబ్బా ఒకటి, రెండు పోతులు పోట్లాడుతున్నట్టు కొట్టే ప్లాస్టిక్ కొమ్ములు ఒక జత. ఇరవై నిమిషాలకోసారి ఈ మూడూ వరసగా వాయించమన్నారు. గోడ మీద ఒక పాత పత్రిక కత్తిరింపు అంటించి ఉంది. టెక్సాస్‌లోని వెల్డర్ వన్యప్రాణి కేంద్రంలో 1990లలో మిక్కీ హెలిక్సన్ చేసిన పరిశోధన అది. 171 సార్లు కొమ్ములు చప్పుడు చేస్తే 111 పోతులు స్పందించాయి. మెల్లగా కొట్టినప్పటికంటే గట్టిగా కొట్టినప్పుడే ఎక్కువ వచ్చాయి. పరిశోధన నిజమే, నేనూ చదివాను. కానీ అక్కడ దుప్పి రావడం అంటే కంటికి కనబడటం. నాకు రావడం అంటే ఇరవై అయిదు గజాల్లోకి, పక్కకు తిరిగి, నేను విల్లు లాగుతుంటే అది చూడకుండా ఉండటం. తుపాకీవాడికి అరవై గజాల దుప్పి ఇంటికొచ్చిన చుట్టం. నాకు అది కిటికీలో బొమ్మ.

శుక్రవారం పొద్దున సరిగ్గా ఆ బొమ్మే కనబడింది. మంచె గుట్ట మీద, పొలం అంచున, చుట్టూ బట్టబయలు. ఇద్దరం పక్కపక్కన పట్టీలు బిగించుకుని కూర్చున్నాం. చెప్పినట్టే కొమ్ములు కొట్టాను, డబ్బా తిప్పాను. మూడోసారికి కొమ్ములకు ఆరు మొనలున్న పోతు ఒకటి చెట్లలోంచి వచ్చి అరవై గజాల దగ్గర ఆగింది. దుప్పి చెవులు చప్పుడు ఏ చెట్టు దగ్గర నుంచి వచ్చిందో కచ్చితంగా పట్టేస్తాయి. అది నేరుగా మా చెట్టు వైపే చూసింది. పోట్లాడుతున్న రెండు పోతులు అక్కడ ఉండాలి కదా, లేవు. అప్పుడు అది చేసిన పని చాలా పోతులు చేసేదే: గాలివాలు వైపుకు చుట్టు తిరిగి, ముక్కు పైకెత్తింది. వేపుడు వాసన తగిలిందో నా వాసనే తగిలిందో, బుస్సుమని తెల్లతోక ఎత్తి పోయింది. ఆ తర్వాత ఇరవై నిమిషాలకోసారి వాయించినా ఉడతలు తప్ప ఏమీ రాలేదు. పదింటికి బావమరిది, "మనం చేస్తున్నది వేటా, బ్యాండ్‌మేళమా?" అని అడిగాడు.

శనివారం వాన. రాసేందుకు ఏమీ లేదు. ఊళ్ళో ఆపిల్ పై తిన్నాం, ముక్క నాలుగున్నర డాలర్లు, ఈ యాత్రలో పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది అక్కడొక్కచోటే.

ఆదివారం యజమాని చెప్పిన మంచె ఎక్కలేదు. వాగు పక్కన పొదల మధ్య, ఎవరూ అడగని పాత జంట మంచె ఒకటి ఉంటే అది ఎక్కాం. గాలి పడమటి నుంచి. తూర్పున వాగు గట్టు నిలువునా కోసుకుపోయి ఉంది, దుప్పి చుట్టు తిరిగి గాలివాలుకు పోవాలన్నా మాకూ గట్టుకూ మధ్య ఉన్న పాతిక గజాల్లోంచే పోవాలి. పోతు కనబడేదాకా గొట్టం జేబులోంచి తీయలేదు. బట్టలు రాత్రంతా కారు డిక్కీలో ఓక్ ఆకుల మధ్య పెట్టాను.

ఏడూ నలభైకి ఎనిమిది మొనల పోతు డెబ్భై గజాల్లో, తలవంచుకుని, మాకు దూరంగా నడిచిపోతోంది. అది ఆగితే ఊదేవాణ్ణి కాదు. మా వైపు చూస్తే అసలే ఊదను. పోతోంది కాబట్టి పోగొట్టుకునేదేమీ లేదు. ఒక్కసారి, పొట్టిగా, గుర్రుమనిపించాను. చెవులు తిరిగాయి, అది ఆగింది. రెండోసారి ఊదమని బావమరిది మోచేత్తో పొడిచాడు. ఊదలేదు. పొదలు అడ్డం ఉండటంతో, గుర్రుమన్న పోతు ఎక్కడుందో చూడాలంటే అది దగ్గరికి రాక తప్పదు. వచ్చింది, గట్టు వెంబడే, నేను అనుకున్న దారినే. తల చెట్టు చాటుకు పోగానే విల్లు లాగాను. ఇరవై రెండు గజాల్లో నడుస్తూనే ఉంది. ఆపడానికి నా నోటితోనే, చిన్నప్పుడు పెరట్లో మేకపిల్లను పిలిచినట్టు, "మే" అన్నాను. ఠక్కున నిలబడింది. బాణం ఊపిరితిత్తుల్లోంచి అవతలికి పోయింది. అరగంట ఆగి వెతికితే ఎనభై గజాల్లో దొరికింది.

కాబట్టి నా తీర్పు ఇది: గొట్టం ఒక్కటి కొనండి, పదిహేను డాలర్లది చాలు. కళ్ళెదుట, పక్కకు పోతున్న పోతుకే ఊదండి. డబ్బా, ప్లాస్టిక్ కొమ్ములు విల్లువాడికి బరువు. మంచె ఎక్కడుందన్నదే మిగతా అంతా, దానికి ఎవరూ శిక్షణ పేరుతో డబ్బు అడగరు.

యజమాని ఫోటోలో నా పక్కన నిలబడి, "మా పిలుపులకే వచ్చింది" అన్నాడు. తర్వాత దుప్పిని బండి మీద లాగినందుకు 75 అడిగాడు. ప్రకటన తెరిచి చూపిస్తే 40కి దిగాడు. ఇచ్చాను, వాదించే ఓపిక లేక.

కోయించి కట్టలు కట్టించడానికి 120. మరుసటి శనివారం మాంసం ఇంటికొచ్చింది. ఫ్రీజర్‌లో సర్దుతుంటే బావమరిది గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడ్డాడు.

"బావా, అమావాస్య ఎప్పుడు?"

ఇంకా అయిదు రోజులుంది.