వైజాగ్‌లో 'ట్యాపింగ్ ప్రూఫ్' ప్యాకేజీ అమ్ముతున్నారు, డబ్బులు కట్టే ముందు ఇది చదవండి

'గవర్నమెంటుకు కూడా దొరకని ఫోన్', 'ట్యాపింగ్ ప్రూఫ్ ప్యాకేజీ' అంటూ మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరైనా పోస్టర్ పెట్టినా, ఇంటికొచ్చి డెమో చూపిస్తామన్నా దయచేసి డబ్బులు కట్టకండి. మా మావయ్య కట్టారు, 9,500 రూపాయలు. దానికి వచ్చినవి ఏమిటంటే ఫోన్ వెనకాల అంటించే ఒక 'చిప్' స్టిక్కరు, లోపల వెండిరంగు గుడ్డ కుట్టిన ఒక సంచి, 'లైఫ్‌టైమ్' వీపీఎన్ (మన ఇంటర్నెట్‌ని వేరే సర్వరు మీదుగా పంపే సర్వీసు), ఇంకా ప్లే స్టోర్‌లో ఎంత వెతికినా కనపడని ఒక యాప్. మొదటి రెండూ ఉత్త దండగ. మిగతా రెండూ దండగ కాదు, ప్రమాదం.

మావయ్య అమాయకుడేం కాదు. డాక్‌యార్డ్‌లో చేసి రిటైరైన మనిషి, పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతారు. ఈ ఊళ్లో ఫోన్ అంటే భయపడడానికి కారణాలు కూడా ఉన్నాయి కదా. 2019 డిసెంబరులో 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో నేవీ ఉద్యోగులను అరెస్టు చేసినప్పుడు, ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో పరిచయం చేసుకుని సమాచారం లాగారని బయటపడ్డాక, నౌకాదళం తన స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లనే నిషేధించింది. అప్పటి నుంచి నేవీ, డాక్‌యార్డ్ కుటుంబాల్లో 'ఫోన్‌లో అన్నీ మాట్లాడకూడదు' అనే మాట మామూలైపోయింది. తర్వాత 2021లో ఫోన్లలోకి దూరి గూఢచర్యం చేసే పెగాసస్ సాఫ్ట్‌వేర్ గొడవ, 2024లో హైదరాబాద్ ఫోన్ ట్యాపింగ్ కేసు రోజుల తరబడి టీవీల్లో. ఇక 2025 నవంబరు చివర్లో, ప్రతి కొత్త ఫోన్‌లో ప్రభుత్వం వారి సంచార్ సాథీ యాప్ ముందే వేసి ఇవ్వాలని కేంద్రం ఫోన్ కంపెనీలకు ఆదేశం ఇచ్చిందని తెలిసి దేశమంతా గోల చేసింది, డిసెంబరు 3న ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు కూడా. వెనక్కి తీసుకున్న సంగతి మాత్రం మా గ్రూపుల్లో ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. భయపెట్టేది మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, దాని కిందనే ఈ షాపువాడి పోస్టరు.

భయం అబద్ధమని నేను అనను. 2013లో అమెరికా నిఘా సంస్థకు పనిచేసిన స్నోడెన్ బయటపెట్టేదాకా, కోట్లమంది ఎవరికి ఎప్పుడు ఎంతసేపు ఫోన్ చేశారో ఆ సంస్థ మొత్తం పోగేస్తోందని అక్కడి జనానికే తెలియదు. మన దగ్గర 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చారు, 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో మాత్రం ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే దారి పెట్టారు. కోపం రావడం న్యాయమే. ఆ కోపాన్నే వీళ్లు సరుకు చేసుకున్నారు, నా బాధ అది.

ఎలా అమ్ముతారో చెప్తాను. చక్కగా ఇన్‌షర్ట్ వేసుకున్న కుర్రాడు లాప్‌టాప్‌తో ఇంటికొస్తాడు. "సార్, మీ ఫోన్ ఒకసారి ఇవ్వండి, ఫ్రీ స్కానింగే" అంటాడు. కేబుల్ పెట్టి ఏదో నడుపుతాడు, స్క్రీన్ నిండా ఎర్ర గీతలు, 'పెగాసస్ ఆనవాళ్లు కనిపించాయి' అని ఇంగ్లీషులో. అత్త అయితే అప్పుడే దేవుడి గదిలోకి వెళ్లిపోయింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పెగాసస్ మీద 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు నిపుణుల కమిటీ వేసింది, రిటైర్డ్ జడ్జి ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో. వాళ్లు 29 ఫోన్లు తీసుకుని నెలల తరబడి పరీక్ష చేసి, 5 ఫోన్లలో ఏదో మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఉంది కానీ అది పెగాససే అని గట్టిగా చెప్పలేమన్నారు. అంతమంది నిపుణులు చెప్పలేని సంగతి ఈ కుర్రాడు మావయ్య సోఫాలో కూర్చుని టీ చల్లారేలోపు చెప్పేశాడు! నేను తర్వాత నా ఫోన్ కూడా అతని చేతికిచ్చి చూశాను, డబ్బాలోంచి అప్పుడే తీసిన కొత్త ఫోన్, దానికీ అవే ఎర్ర గీతలు.

స్టిక్కరు సంగతి. 'ఇది అంటిస్తే మీ మాట ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది' అన్నారట, అంటే వేరేవాళ్లకి అర్థం కాని గుప్తభాషలోకి మారిపోతుందని. పీకి చూస్తే కాగితం, దాని కింద రాగిరంగు రేకు, అంతే. అసలు దానిలో నిజంగా చిప్ ఉన్నా లాభం లేదు, ఎందుకంటే మామూలు కాల్ ట్యాపింగ్ మీ ఫోన్‌లో జరగదు. కేంద్ర హోం కార్యదర్శో రాష్ట్ర హోం కార్యదర్శో ఆర్డరు ఇస్తే మీ సిమ్ కంపెనీ నెట్‌వర్క్ దగ్గరే లైను ఇస్తారు. అప్పట్లో 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద, ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద. మాట మీ ఫోన్ దాటి టవరు మీదుగా కంపెనీ దగ్గరికి వెళ్లాక వినేదానికి, ఇంట్లో ఫోన్ వీపు మీద ఏం అంటిస్తే మాత్రం ఏం ఆగుతుంది? వీధి చివర పోస్టాఫీసులో కవరు విప్పేవాడికి భయపడి మన ఇంటి గుమ్మానికి తాళం వేసుకున్నట్టు ఉంది. పైగా ఎవరికి ఎప్పుడు చేశామన్న కాల్ రికార్డులు కంపెనీలు రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరు నుంచి నిబంధన. వాటిని ఏ స్టిక్కరూ చెరపలేదు.

సంచి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సిగ్నల్ ఆపే సంచులు నిజంగానే ఉంటాయి, అవి మూసి ఉన్నంతసేపు ఫోన్ చచ్చినట్టు పడి ఉంటుంది, కాల్ రాదు, మీరు చేయలేరు. వీళ్లిచ్చినదాంట్లో మావయ్య ఫోన్ పెట్టి, జిప్ వేసి, నేను కాల్ చేశాను. సుబ్బరంగా మోగింది.

అసలు సమస్య యాప్. దాన్ని ప్లే స్టోర్‌తో పనిలేకుండా లింకు పంపి ఏపీకే ఫైలుగా ఎక్కించారు, చెడ్డ యాప్‌లని పట్టే ప్లే ప్రొటెక్ట్ అడ్డం వస్తే దాన్ని కూడా ఆపించారు. తర్వాత అది అడిగిన అనుమతులు చూడండి: ఎస్సెమ్మెస్‌లు చదవడం, నోటిఫికేషన్లు చదవడం, మైకు, లొకేషను, కాంటాక్టులు, యాక్సెసిబిలిటీ, పైన డివైజ్ అడ్మిన్ (ఫోన్ మీద పెత్తనం, ఇది ఇస్తే యాప్‌ని మామూలుగా తీసేయలేం). యాక్సెసిబిలిటీ ఇచ్చామంటే స్క్రీన్ మీద కనపడేదంతా ఆ యాప్ చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. ఎస్సెమ్మెస్ కూడా ఇస్తే బ్యాంకు ఓటీపీలు చేతిలో పెట్టినట్టే. ఢిల్లీలో ఎవరో వింటారేమోనన్న టెన్షన్‌తో, పేరూ ఊరూ తెలియని కంపెనీకి మొత్తం ఫోన్ తాళాలు ఇచ్చేశాం. వాట్సాప్‌లో 2016 నుంచి రెండు చివరలా ఎన్‌క్రిప్షన్ ఉంది, దారి మధ్యలో మెసేజ్ చదవడం కష్టం. కానీ ఫోన్ లోపల కూర్చున్న యాప్‌కి ఆ కష్టం లేదు, మీరు ఏం చదువుతున్నారో అదీ అదే చదువుతుంది. ఫోన్ వేడెక్కడం, మధ్యాహ్నానికే డేటా అయిపోవడం మొదలయ్యాక మావయ్య "ఏటిరా ఇది, ముట్టుకుంటే కాలతంది" అని నాకు ఫోన్ చేశారు, అప్పుడు చూశాను ఇదంతా.

తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ అవ్వదు. మీ ఫోన్‌లోనూ ఉంటే ముందు డేటా, వైఫై ఆపేయండి. సెట్టింగ్స్‌లో 'డివైజ్ అడ్మిన్ యాప్స్' అని వెతికి అక్కడ దానికి టిక్ తీయండి, యాక్సెసిబిలిటీలోనూ తీయండి, ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ అవుతుంది. మేమైతే ఫొటోలు కాపీ చేసుకుని ఫోన్ మొత్తం రీసెట్ చేశాం, అదే మంచిది. బ్యాంకు, యూపీఐ పిన్‌లు మార్చాల్సింది వేరే ఫోన్ నుంచి, ఇదే ఫోన్ నుంచి మారిస్తే ఆ కొత్త పిన్ కూడా వాళ్లు చూసే ప్రమాదం ఉంది.

వీపీఎన్ మీద ఒక మాట. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలని ఆదేశిస్తే, ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ లాంటివి ఆ పని చేయలేక ఇండియాలో ఉన్న సర్వర్లే తీసేశాయి. మరి మీ సర్వరు ఎక్కడుంది, లాగ్స్ (ఎవరు ఏం చూశారన్న రికార్డులు) దాస్తారా అని షాపువాడిని అడిగితే "అది టెక్నికల్ మేటర్ సార్" అన్నాడు. మీ ఇంటర్నెట్ మొత్తం అతని పైపులోంచి వెళ్తుంటే అది టెక్నికల్ మేటర్ ఎలా అవుతుంది గురూ?

ఇంకో మూడు వేలు ఇస్తే ఐఎంఈఐ, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు, మార్చి ఇస్తామని కూడా ఆశ పెట్టారు, 'అప్పుడు ట్రాక్ చేయడం బ్రహ్మతరం కూడా కాదు' అని. దీని జోలికి అస్సలు వెళ్లకండి. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం నేరం, మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఫోన్ మీ చేతిలో దొరుకుతుంది, షాపువాడు దొరకడు.

డబ్బు వెనక్కి అడిగితే మొదట నవ్వారు, తర్వాత సాఫ్ట్‌వేర్‌కి రిఫండ్ ఉండదన్నారు, చివరికి "గట్టిగా మాట్లాడితే మీ డేటా మా దగ్గరుంది" అన్నట్టు ఒక మాట తూలారు. ఆ మాట మెసేజ్‌లో అని ఉంటే ఎంత బాగుండేదో, నోటితోనే అన్నారు. బిల్లు అడిగితే జీఎస్టీ నంబరు లేని తెల్ల చీటీ ఇచ్చారు, దాని మీద 'సర్వీసు' అని మాత్రం రాసి ఉంది. అదృష్టం కొద్దీ డబ్బు యూపీఐలో కట్టారు కాబట్టి ఎవరి పేరు మీద వెళ్లిందో రికార్డు ఉంది. అది షాపు పేరు కాదు, ఒక వ్యక్తి పేరు.

మేం 1915కి చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు రాయించాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. అకౌంటులోంచి డబ్బు పోయిందంటే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి చేయండి, అది సైబర్ క్రైమ్ నంబరు, ఎంత బేగి చేస్తే అంత మంచిది.

మరి నిజంగా నిఘా భయం ఉన్నవాళ్లు ఏం చేయాలి అని మావయ్యే అడిగారు. డబ్బు అక్కర్లేనివే ఉన్నాయి. ఫోన్ అప్‌డేట్లు వచ్చిన వెంటనే వేసుకోవడం, ప్లే స్టోర్ బయటి యాప్‌లు ఎక్కించకపోవడం, యాప్‌లకి ఇచ్చిన మైకు, లొకేషన్ అనుమతులు అప్పుడప్పుడు చూసి తీసేయడం. ఐఫోన్‌లో కొన్ని సౌకర్యాలు ఆపేసి ఫోన్‌ని గట్టిగా కాపాడే లాక్‌డౌన్ మోడ్ అని 2022 నుంచి ఉంది, విలేకరులు, లాయర్లు, ఉద్యమాల్లో తిరిగేవాళ్లు పెట్టుకుంటే అర్థం ఉంది, మనలాంటివాళ్లకి దాని ఇబ్బందులే ఎక్కువ. పైనుంచి జరిగే ట్యాపింగ్‌ని ఆపే వస్తువు మాత్రం మన జగదాంబ సెంటర్‌లో దొరకదు, హైదరాబాద్‌లో దొరకదు, ఎక్కడా దొరకదు. సంచార్ సాథీ ఆదేశం వెనక్కి వెళ్లింది ఎవరో స్టిక్కర్లు కొన్నందుకు కాదు కదా, జనం గోల చేశాక.

ఇదే బృందం ఇప్పుడు పోస్టరు రంగు, పేరు మార్చి మధురవాడ, గాజువాక వైపు అపార్ట్‌మెంట్లలో తిరుగుతోందని మా వాచ్‌మెన్ బావమరిది చెప్పాడు. మీలో ఎవరైనా కొని ఉంటే ఆ చీటీ, యూపీఐ స్క్రీన్‌షాటు, యాప్ అడిగిన అనుమతుల ఫొటో పారేయకుండా ఉంచండి. నలుగురం కలిసి ఫిర్యాదు ఇస్తే బరువుంటుంది. మావయ్య తన కాగితాలన్నీ జెరాక్స్ తీయించి రెడీగా పెట్టుకున్నారు.