పొట్టేలు దాటాక దాణా పెంచాలా, దించాలా, ఆపాలా?

కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు మందలవాళ్లు ఏటా అడిగేదే ఇది. ఎదకు మూడు వారాల ముందు నుంచి గొర్రెకు రోజుకు 250 గ్రాముల దాణా పెట్టడంలో తగాదా లేదు. దాటిన మర్నాటి నుంచే చిక్కు. కడుపు నిలవాలంటే బలం కావాలని కొందరు పావుకిలోను అరకిలో చేస్తారు. పని అయిపోయిందని ఇంకొందరు ఆ పూటే తొట్టి బోర్లిస్తారు.

ఏది మేలో తేల్చేది గర్భసంచి. పిండం నాలుగైదు రోజులకు అందులోకి దిగుతుంది కానీ, దాదాపు 16వ రోజు దాకా గోడకు అతుక్కోదు. మాయ లేదు, బొడ్డు తాడు లేదు. అన్నాళ్లూ దాని తిండి సంచి గ్రంథుల నుంచి ఊరే ప్రోటీన్ల ద్రవమే. అది తాగే, 12వ రోజున చిన్న బుడగలా ఉన్నది నాలుగు రోజుల్లో జానెడు దారమంత సాగుతుంది. సాగితేనే, కడుపు నిలిచిందని తల్లికి కబురు చెప్పే ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీను చాలినంత వదులుతుంది. ఆ కబురు అందకపోతే తల్లి 17వ రోజుకల్లా మళ్లీ ఎదకొస్తుంది. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో, పుట్టిన ఆడ గొర్రెపిల్లలకు ప్రొజెస్టిరాన్ (చూడిని నిలిపే హార్మోను) జాతి మందు వారాల తరబడి ఇచ్చి గర్భసంచి గ్రంథులు ఏర్పడకుండా చేశారు. పెద్దయ్యాక అవి ఎదకొచ్చాయి, దాటించుకున్నాయి, చూడి మాత్రం నిలవలేదు.

ఆ గ్రంథులను ఊరించేది ప్రొజెస్టిరాన్. మేత మరీ ఎక్కువైతే కాలేయానికి రక్తం ఎక్కువ పారి, ఆ హార్మోను అక్కడే విరిగిపోతుంది. రక్తంలో అది తగ్గితే ఊట తగ్గుతుంది, పిండం సాగదు. 11, 12 రోజులే మరీ గడ్డు. అందుకే పెంచడానికి నా ఓటు లేదు. అరకిలోలో వేరుశనగ చెక్క వంతు ఎక్కువైతే రక్తంలో యూరియా పెరిగి సంచి లోపలి తీరే చెడుతుంది.

ఒక్కసారిగా ఆపడమూ మంచిది కాదు, ముఖ్యంగా వెన్ను ఎముకలు చేతికి తగిలే గొర్రెలకు. 250 గ్రాములను వారంలో 150కి, ఆపైన 100కి దించి నెల దాకా అక్కడే ఉంచండి. మొక్కజొన్న 50 పాళ్లు, తవుడు 27, చెక్క 20, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1 సరిపోతుంది. పచ్చిక బాగా దొరికే వానల్లో కండ పట్టిన జీవాలకు ఆ 100 కూడా అక్కర్లేదు. సుబాబుల్ కొమ్మ మేతలో మూడో వంతు మించనివ్వకండి. ప్రొజెస్టిరాన్ సూదుల మాట డాక్టరు చూసుకోవాలి, మందంతటికీ పొడవడం దండగ.

ఆ నెలలో ఆల్బెండజోల్ తాగించొద్దు, పిల్లలు వంకరగా పుట్టొచ్చు. నట్టల మందు ఎదకు ముందే అయిపోవాలి.

ఫలితం తెలియడానికి పొట్టేలు రొమ్ముకు జాజు (ఎర్రమన్ను) నూనెలో కలిపి పూయండి, దాటిన గొర్రె మీద దాని మచ్చ పడుతుంది; 15వ రోజున నీలి రంగుకు మార్చండి. నీలి మచ్చ దాటిన 16–18 రోజుల్లో చాలా గొర్రెల మీద పడితే కడుపు కట్టలేదు, లేదా 12 రోజుల లోపే పోయింది. ముందు పొట్టేలును అనుమానించండి, తర్వాత దాణాను. 22 దాటాక పడితే తల్లికి కబురు అందాకే పిండం పోయినట్టు. అప్పుడు జ్వరాలు, ఎండదెబ్బ, మందులు వెతకాలి.