స్ప్రే కొట్టని పెస్ట్ కంట్రోల్: మా వంటింటి బొద్దింకలు, నాలుగు నెలల అనుభవం

విజయవాడ సత్యనారాయణపురంలో మేముంటున్న అపార్ట్‌మెంటు కట్టి ఇరవై రెండేళ్లు దాటింది. మాది మూడో అంతస్తు. నవంబరులో మా వంటింటి బొద్దింకల పని చూసిన ఒక చిన్న సేవ గురించి రాస్తున్నాను. ఇద్దరు అన్నదమ్ములు నడుపుకొంటున్న పని అది. ప్రకటనలు లేవు, తెలిసినవాళ్లు నంబరు ఇస్తేనే దొరుకుతారు. పేరు ఇవ్వడం లేదు, ఎందుకంటే వేరే ఊళ్లో ఉన్నవారికి వారి పేరుతో పనిలేదు, వారు పని చేసిన పద్ధతి తెలిస్తే అదే పద్ధతిలో చేసేవారిని ఎక్కడైనా వెదుక్కోవచ్చు.

అంతకుముందు ఒక సంస్థతో ఏడాది ఒప్పందం చేసుకొన్నాం. మూడు నెలలకొకసారి ఒక మనిషి వచ్చి, వీపుకు పంపు తగిలించుకొని, గోడల మొదళ్ల వెంట, సింకు కింద, బాత్రూముల్లో పావుగంటలో మందు కొట్టి, సంతకం తీసుకొని వెళ్లేవాడు. ఏ పురుగుందో చూడలేదు, ఏ మందు కొడుతున్నాడో చెప్పలేదు. మొదటి రోజు నాలుగు బొద్దింకలు వెల్లకిలా పడేవి, మాకు తృప్తిగా ఉండేది. వారం తిరక్కుండా పడకగదిలో బట్టల అలమరలోనూ, దేవుడి గూట్లోనూ చిన్న చిన్న బొద్దింకలు కనిపించసాగాయి. మూడోసారి కొట్టినప్పుడు ఆ వాసనకు మా అత్తగారికి ఆయాసం పెరిగి రెండు రాత్రులు నెబ్యులైజర్ పెట్టాల్సి వచ్చింది. బొద్దింకల మలం, రాలిన పొట్టు కూడా ఉబ్బసాన్ని రేపుతాయి కాబట్టి, వాటిని అలా వదిలేసే వీలూ లేదు. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్లు. మందూ పడదు, పురుగూ పడదు అన్న పరిస్థితిలో ఈ అన్నదమ్ములకు కబురు పెట్టాం.

వచ్చినవాడు చిన్నవాడు, ముప్ఫై ఏళ్లలోపు. పంపు తేలేదు. చేతిలో టార్చి, భూతద్దం, ఒక సన్నటి గరిటెలాంటి ఇనుప పట్టీ ఉన్నాయి. లోపలికి వస్తూనే అడిగిన మొదటి మాట, “ఈ మధ్య స్ప్రే ఏమైనా కొట్టించారా అమ్మా?” అని. నెలన్నర కిందట కొట్టించామన్నాను. “బజార్లో దొరికే డబ్బా స్ప్రేలు కూడా ఇకమీదట కొట్టకండి, నేను పెట్టేదాన్ని అవి ముట్టకుండా పోతాయి,” అని చెప్పి పనిలోకి దిగాడు.

ముందుగా ఫ్రిజ్‌ను ముందుకు జరిపించి, వెనక మోటారు ఉండే అరలోకి టార్చి వేశాడు. తర్వాత మిక్సీని తలకిందులు చేసి అడుగున గాలి పోయే కంతల్లోకి చూశాడు. అలమర తలుపుల మడతబందులు, వాటర్ ప్యూరిఫయర్ వెనక గోడ, గ్యాస్ పొయ్యి అడుగు, వంటగట్టు గ్రానైటు కింద ఉన్న వెడల్పాటి సందు, అన్నీ ఆ ఇనుప పట్టీతో గీకి చూశాడు. మడతబందుల దగ్గర కాఫీపొడి చల్లినట్టు నల్లటి నలుసులు రాలాయి. అది వాటి మలమనీ, అది ఎక్కడ ఎక్కువగా ఉంటే అవి పగలంతా అక్కడే ఉంటాయనీ చెప్పాడు. మిక్సీని వార్తాపత్రిక మీద మెల్లగా తట్టితే పదిహేను ఇరవై పిల్లలు రాలి నలువైపులా పరుగెత్తాయి. రోజూ ఇడ్లీపిండి రుబ్బే మిక్సీ అది. నాకు ఒళ్లు జలదరించింది.

తర్వాత ఒక పెద్ద బొద్దింకను గాజు గ్లాసు కింద బంధించి భూతద్దం నా చేతికిచ్చాడు. మెడ వెనక డాలులాంటి భాగం మీద నిలువుగా రెండు నల్లటి గీతలు కనిపించాయి. పొడవు సుమారు అర అంగుళం, రంగు లేత గోధుమ. వెనక నుంచి గోధుమ రంగు చిన్న గుడ్ల సంచి ఒకటి పొడుచుకు వచ్చి ఉంది, దాని మీద అడ్డంగా సన్నటి మడతలు. జర్మన్ బొద్దింక అంటే ఇదే. మనం బాత్రూముల్లో రాత్రిపూట చూసి అరిచే ఒకటిన్నర అంగుళాల ఎర్రటి బొద్దింక వేరు. దానిని అమెరికన్ బొద్దింక అంటారు. అది తూముల్లో, మ్యాన్‌హోళ్లలో బతుకుతూ దారి తప్పి ఇంట్లోకి వస్తుంది. దానికి జాలీ బిగించి, పైపు చుట్టూ సందులు సిమెంటుతో పూడిస్తే చాలావరకు పని అయిపోతుంది. చిన్నదాని సంగతి అలా కాదు. అది ఇంట్లోనే పుట్టి ఇంట్లోనే పెరుగుతుంది. ఒక్కో సంచిలో ముప్ఫై నలభై గుడ్లు ఉంటాయి. అమెరికన్ బొద్దింక తన సంచిని ఎక్కడో అంటించి వెళ్లిపోతే, ఇది మాత్రం గుడ్లు పొదిగే దాకా, అంటే మూడు నాలుగు వారాల పాటు, ఒంటికి అంటిపెట్టుకొనే తిరుగుతుంది. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో పెద్దవై మళ్లీ గుడ్లు పెడతాయి. ఈ రెండింటి తేడా తెలియకపోవడం వల్లనే మేం ఏడాది డబ్బు పోగొట్టుకొన్నాం.

పేరుకు జర్మన్ అన్నా దీని పుట్టిల్లు మన వైపే. 2024లో వెలువడిన జన్యు పరిశోధన ప్రకారం, భారతదేశంలోనో మయన్మార్‌లోనో ఆరుబయట బతికే ఆసియా బొద్దింక నుంచి ఇది సుమారు 2,100 ఏళ్ల కిందట వేరుపడింది. అప్పటి నుంచీ మనిషి ఇల్లు తప్ప దీనికి వేరే చోటు లేదు. అడవిలో కనిపించదు. అందుకే మన వంటగట్టు, మన గ్యాస్ పొయ్యి, మన వెచ్చదనం దానికి అంతగా సరిపోయాయి.

స్ప్రే ఎందుకు పనిచేయలేదన్నది కూడా అప్పుడే అర్థమైంది. సాధారణంగా ఇళ్లలో కొట్టే పైరెథ్రాయిడ్ మందులకు ఈ జాతి చాలాచోట్ల అలవాటు పడింది, పైగా ఆ మందుల ఘాటు వాటిని తరిమేస్తుంది. తరిమితే చావవు, వంటింటి నుంచి పడకగదికి చేరతాయి. గుడ్ల సంచి గట్టి పెంకులాంటిది కాబట్టి లోపలి గుడ్లకు మందు సోకదు. మా దేవుడి గూట్లోకి బొద్దింకలు వచ్చింది ఆ కారణంగానే.

ఇతను పెట్టింది జెల్. 0.05 శాతం ఫిప్రోనిల్ ఉన్న తినే మందు, సూదిలేని లావుపాటి సిరంజిలో వస్తుంది. కందిగింజంత చుక్కలు, గింజకూ గింజకూ జానెడు ఎడంగా, అవి దాక్కొనే సందుల లోపలే పెట్టాడు. మడతబందుకు ఒకటి, డ్రాయరు పట్టాల వెనక రెండు, ఫ్రిజ్ మోటారు అర అంచున నాలుగు, ఇలా నేను లెక్కపెట్టినంతవరకు అరవై ఎనిమిది చుక్కలు. మిక్సీ లోపల మాత్రం పెట్టలేదు. దానిని దులిపి, తుడిచి, జిప్ సంచిలో పెట్టి వారం రోజులు అటక మీద ఉంచమన్నాడు. మొత్తం వాడిన జెల్ ఏడు గ్రాములకు మించదు, అందులో అసలు మందు మూడున్నర మిల్లీగ్రాములు. వెనకటి మనిషి లీటర్ల కొద్దీ ఇల్లంతా తడిపిన దానితో పోల్చుకొంటే ఇది ఎంత తక్కువో ఎవరైనా గ్రహించగలరు. వాసన లేదు. అత్తగారు పక్క గదిలో పడుకొనే ఉన్నారు.

ఈ మందు తిన్న బొద్దింక వెంటనే చావదు. నరాల ఉద్రేకాన్ని అణచే యంత్రాంగాన్ని మందు అడ్డుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది, ఆలోగా అది తన గూటికి చేరుతుంది. అక్కడ దాని మలాన్ని, చచ్చాక దాని శరీరాన్ని మిగిలినవి, ముఖ్యంగా బయటికి రాని పిల్లలు తింటాయి. ఆ విధంగా చుక్కను ముట్టనివి కూడా చస్తాయి. అయితే ఒకే ఎరను ఏళ్ల తరబడి వాడకూడదన్న మాట అతను తనంతట తనే చెప్పాడు. తర్వాత చదివితే అది నిజమని తెలిసింది. ఎరల్లో గ్లూకోజు వాడుతూ పోయిన చోట్ల, ఆ తీపిని చేదుగా గుర్తించి తప్పించుకొనే జర్మన్ బొద్దింకలు తయారయ్యాయని 1993లో బయటపడింది, వాటికి రుచి తెలిసే తీరు ఎలా మారిందో 2013లో శాస్త్రవేత్తలు వివరించారు.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చినది జిగురు అట్టలు. జెల్ పెట్టే ముందు రోజు రాత్రే మూడు అట్టలు ఇచ్చి, ఫ్రిజ్ వెనక, సింకు కింద, పొయ్యి పక్కన పెట్టించాడు. పొద్దున్నే లెక్కపెట్టి పుస్తకంలో రాసుకొన్నాడు: మూడింటిలో కలిపి 61, అందులో ఫ్రిజ్ వెనకదానిలోనే 43. జెల్ పెట్టిన వారానికి కొత్త అట్టల్లో 14. మూడో వారంలో 5, దాదాపు అన్నీ అప్పుడే పొదిగిన పిల్లలు. అతను రెండోసారి రావాల్సింది ఆ సమయానికే, ఎందుకంటే మొదటిసారి గుడ్లలో ఉన్నవి అప్పటికి బయటికి వస్తాయి. రెండో విడత ఇరవై చుక్కలు పెట్టిన నెల తర్వాత ఒకటి, ఆ తర్వాత సున్నా. పని అయిందో లేదో నా కంటితో నేను చూసుకొనే కొలత ఇది. ఏడాది ఒప్పందంలో నాకెవరూ ఇవ్వనిది ఇదే.

మా వంతుగా మేం చేయాల్సినవీ ఉన్నాయి, అవి చేయకపోతే జెల్ దండగ. రాత్రి అంట్లు సింకులో వదలకూడదు, చెత్తబుట్టకు మూత ఉండాలి, పొయ్యి కింద నూనె జిడ్డు తుడవాలి. వాటికి తిండి దొరికితే జెల్ జోలికి రావు. చుక్కలున్న చోట ఫినాయిలు తగలకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా నీరు: తిండి లేకుండా వారాలు గడిపే ఈ పురుగు నీరు లేకుండా ఎక్కువ రోజులు ఆగలేదు, కాబట్టి కారే కొళాయి వాషరు మార్పించాం.

సాలీళ్ల గురించి అడిగితే అతను మందు కొట్టనన్నాడు. బాల్కనీలో, అటక మూలల్లో వేలాడే సన్నకాళ్ల సాలీళ్లు మనకు హాని చేసేవి కావు, బూజుకర్రతో నెలకోసారి దులిపితే చాలు అన్నాడు. సంక్రాంతి ముందు బూజులు దులిపే అలవాటు మనకు ఎలాగూ ఉంది, దానిని ఏడాదికొకసారికి వదిలేయకపోతే సరి. గోడ మీద అరచేయంత వెడల్పున చదునుగా అతుక్కొని కూర్చునే గోధుమరంగు సాలీడును చూసి మా కోడలు హడలిపోతుంది. అది గూడు కట్టదు, బొద్దింకలను వేటాడి తింటుంది. గ్లాసు మూసి, కింద అట్ట దూర్చి బయట వదిలేయమన్నాడు. డబ్బు తీసుకొనే అవకాశం ఉన్నా వద్దన్న మనిషి మీద నాకు గౌరవం కలిగింది. బియ్యంలో ముక్కుపురుగుల విషయంలోనూ అంతే, బియ్యం చెరిగి గట్టి మూత డబ్బాలో పోసుకోమనీ, రవ్వ, మైదా కొనగానే నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచమనీ చెప్పి వదిలేశాడు. ఆ డబ్బాల్లో ఎవరో ఇచ్చిన బిళ్లలు వేయవద్దని మాత్రం గట్టిగా హెచ్చరించాడు. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు మూసిన ఇంట్లో మనుషుల ప్రాణం తీస్తుంది. మామూలు ఇళ్లకు వాటిని అమ్మడానికే వీల్లేదు. చదివేవారు దయచేసి ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పండి.

లోపాలు లేకపోలేదు. రెండోసారి చెప్పిన రోజుకు రాలేదు, మూడు రోజులు ఆలస్యమైంది, ఫోనూ చేయలేదు. తెల్లటి అలమర తలుపుల లోపల ఎండిన చుక్కలు పసుపు మరకలుగా మిగిలాయి, గోరువెచ్చటి సబ్బునీళ్లతో రుద్దినా నాలుగైదు పోలేదు. వంటగట్టు చివర పెట్టిన చుక్కలను రెండో రోజుకల్లా చిన్న నల్లచీమలు తినేశాయి. చీమల దారి ముందుగా చూసుకొని ఉండాల్సింది, ఆ చూపు అతనికి బొద్దింకల మీద ఉన్నంతగా లేదు. పుస్తకాల బీరువాలో వెండిరంగులో జారిపోయే సిల్వర్‌ఫిష్ గురించి అడిగితే కలరా ఉండలు వేయమని తేలిగ్గా చెప్పేశాడు. ఆ సలహా నేను పాటించలేదు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము) లోపమున్న పసిపిల్లలకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ప్రమాదకరం, మా మనవడికి ఏడాది నిండలేదు. పుస్తకాలు బయటికి తీసి, దులిపి, బీరువా వెనక చెమ్మ గోడకు దూరంగా జరిపాను, అదే ఎక్కువ మేలు చేసింది.

రశీదు మీద మందు పేరు అడిగితే తప్ప రాయలేదన్నది ఇంకో లోటు. అడిగాక మాత్రం రాశాడు, ట్యూబు మీద రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, రంగు త్రికోణం చూపించాడు. 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద ఈ మందులన్నిటికీ కేంద్రంలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ త్రికోణంలో ఎరుపు అత్యంత విషానికి, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తగ్గే తీవ్రతకు గుర్తులు. ఇళ్లలో మందు కొట్టే వృత్తికి కూడా లైసెన్సు అవసరం. ఎవరిని పిలిచినా, రిజిస్ట్రేషన్ నంబరు, త్రికోణం, లైసెన్సు ఈ మూడూ చూపించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. మాకు పని చేసిన అబ్బాయి తన లైసెన్సు ఫొటో ఫోన్‌లోనే ఉంచుకొన్నాడు.

రెండు రాకపోకలకూ, అట్టలకూ కలిపి 1,600 రూపాయలు తీసుకొన్నాడు. ఏడాది ఒప్పందానికి మేం కట్టినది 4,200. నవంబరు నుంచి మార్చి దాకా మిక్సీ అడుగున ఏమీ లేదు, అత్తగారికి రాత్రిళ్లు నిద్ర పడుతోంది.

అయితే పోయినవారం సింకు కింద అట్టలో మళ్లీ రెండు కనిపించాయి. పైఅంతస్తు వంటింటి పైపూ, మా పైపూ ఒకే షాఫ్టులో దిగుతాయి, ఆ సందులోంచి వచ్చినవే అవి. నేను పై ఫ్లాటు, కింది ఫ్లాటు వాళ్లతో మాట్లాడాను. ఆ నిలువు వరుసలో ఉన్న ఐదు ఇళ్లకూ ఒకే రోజు జెల్ పెట్టించి, షాఫ్టులో పైపుల చుట్టూ సందులు పూడ్పించాలని అనుకొన్నాం. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆ అబ్బాయి వస్తానన్నాడు. ఐదు ఇళ్లకూ అట్టలు నిన్ననే పంచాను.