మూడేళ్లుగా వాడుతున్న తెల్ల మ్యాజిక్ స్పాంజ్: ఏ మరక పోతుంది, ఏది పోదు

మా పాపకి రెండేళ్లు నిండాక గోడల మీద బొమ్మలు మొదలయ్యాయి. మాదేమో హైదరాబాద్‌లో అద్దె ఇల్లు, ఖాళీ చేసే రోజున పెయింటింగ్ ఖర్చని అడ్వాన్సులో ఎంత కోస్తారో అన్న టెన్షన్ ఒకటి, అందుకే ఎవరో చెబితే ఈ తెల్ల స్పాంజ్‌లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. పది ముక్కల ప్యాకెట్ 180 రూపాయలు, అంటే ఒక్కోటి 18. ఇప్పటికి మూడేళ్లు దాటింది, ఆరో ప్యాకెట్ నడుస్తోంది.

చేతిలోకి తీసుకుంటే థర్మోకోల్ ముక్కలా తేలిగ్గా ఉంటుంది. దీంతో మరకలు పోవడమేంటి అనిపించింది నాకు. దీని అసలు పేరు మెలమైన్ ఫోమ్. చప్పుడుని పీల్చుకోవడానికి గోడలకి అతికించే సరుకు ఇది, ఇళ్లు తుడవడానికి పనికొస్తుందని తర్వాత తెలిసింది. అమెరికాలో 2003లో మిస్టర్ క్లీన్ మ్యాజిక్ ఎరేజర్ పేరుతో వచ్చాక బాగా పాకిపోయింది, మనం కొనే పేరులేని తెల్ల ముక్కలు కూడా అదే జాతి. మెత్తగా కనిపిస్తుంది గానీ లోపలి సన్నని పోగులు చాలా గట్టివి. అంటే ఇది సబ్బులా మురికిని కరిగించదు, బాగా సన్నరకం గరుకు కాగితంలా గీకేస్తుంది. పెన్సిల్ రబ్బరులా తనూ అరిగిపోతుంది. ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే నాకు జరిగిన నష్టం జరిగేది కాదు, అది కింద చెబుతాను.

ముందు స్విచ్ బోర్డుల సంగతి. వంటింట్లో మిక్సీ పెట్టే చోట బోర్డు మీద నూనె చేతులు పడీ పడీ, స్విచ్చుల చుట్టూ గోధుమ రంగు జిడ్డు పేరుకుని ఉండేది. తడిగుడ్డతో తుడిస్తే జిడ్డు పక్కకి జరిగేది తప్ప పోయేది కాదు. మెయిన్ ఆపేసి, చిన్న ముక్క తడిపి, రెండు అరచేతుల మధ్య పెట్టి నీళ్లు కారకుండా గట్టిగా నొక్కేసి, మెల్లగా రుద్దాను. నాలుగైదు సార్లకే స్విచ్ అంచుల్లో నల్లగీత కూడా లేచి, స్పాంజ్ ఆ భాగమంతా చాయ్ రంగుకి వచ్చింది. తర్వాత పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే మెయిన్ వేశాను. బోర్డు కొత్తదానిలా తెల్లగా ఉంటే పక్కనున్న గోడ మాసినట్టు కనిపించి, దాన్ని కూడా రుద్దాల్సి వచ్చింది!

తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు, పాప తెల్ల బూట్ల రబ్బరు అంచులు, ఫ్రిజ్ తలుపు రబ్బరు, సబ్బు పొర పట్టిన బకెట్లు, మగ్గులు, వీటన్నిటికీ దీన్ని మించింది నేను చూడలేదు. ముఖ్యంగా గరుకు ప్లాస్టిక్ కుర్చీ చేతుల మీద ఆకుపచ్చ పీచు వేసి రుద్దితే గీతలు పడతాయి గానీ సందుల్లో నలుపు అలాగే ఉంటుంది, ఇది ఆ సందుల్లోకి దిగుతుంది.

గోడల దగ్గర మాత్రం ఏ పెయింటో చూసుకోవాలి. మా హాల్లో కడగడానికి వీలైన ఎమల్షన్, పెన్సిల్ గీతలు పూర్తిగా పోయాయి, క్రేయాన్ తొంభై శాతం పోయింది, బాల్ పెన్ మరక లేతగా మిగిలింది. పడగ్గదిలో డిస్టెంపర్, అక్కడ రుద్దితే బొమ్మతోపాటు రంగూ ఊడొచ్చి స్పాంజ్‌కి పిండిలా అంటుకుంది. అక్కడితో ఆపేశాను.

ఇక నష్టం. ప్యాకెట్ మీద "కెమికల్స్ లేవు, ఏ ఉపరితలానికైనా సురక్షితం" అని రాసి ఉంటే నమ్మి, వంటింటి కబోర్డు ఎర్రటి గ్లాసీ తలుపు మీద సాంబారు మరక రుద్దాను. మరక పోయింది. సాయంత్రం ట్యూబ్‌లైట్ వేసి పక్కనుంచి చూస్తే అరచేయంత మేర మెరుపు చచ్చి మసకగా ఉంది. కెమికల్ లేకపోవడం నిజమే కావచ్చు, గీకడం అయితే గీకింది కదా. ఆ మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను, నిగనిగలాడే కబోర్డులు, నాన్‌స్టిక్ పెనాలు, కారు, బండి పెయింట్, టీవీ, ఫోన్ స్క్రీన్లు, పాలిష్ చేసిన మార్బుల్, వీటి జోలికి దీన్ని తీసుకెళ్లకండి. పిల్లల ఒంటి మీద స్కెచ్ పెన్ గీతలకి కూడా వద్దే వద్దు, చర్మం గీరుకుపోతుంది.

దీనితో పోనివీ ఉన్నాయి. మాది బోరు నీళ్లు, కుళాయిల మీద పేరుకున్న తెల్లటి ఉప్పు పొర దీనికి లొంగలేదు, దానికి పులుపే కావాలి. నిమ్మఉప్పు నీళ్లలో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచితే మెత్తబడి వచ్చేస్తుంది. పొయ్యి మీద మాడిన నలుపుకి స్టీల్ పీచే గతి. ప్లాస్టిక్ డబ్బాకి పట్టిన పసుపు మరకని స్పాంజ్‌తో రుద్దడం దండగ, రెండు రోజులు ఎండలో పెడితే అదే వెలిసిపోతుంది.

కొనేటప్పుడు వీలైతే నొక్కి చూడండి. మరీ వదులుగా ఉన్నవి మూడో ప్యాకెట్‌లో వచ్చాయి, ఒక్క కుర్చీకే ముక్కలు ముక్కలైపోయాయి. కొంచెం బిర్రుగా ఉండేవి 20, 25 రూపాయలు పడినా నయం. బట్ట పిండినట్టు మెలి తిప్పితే చిరిగిపోతుంది, నొక్కాలి అంతే. మొత్తం ముక్క వాడొద్దు, కత్తెరతో నాలుగు చేసుకుంటే ఒక్కోటి ఒక గది బోర్డులకి సరిపోతుంది.

ఒక్క విషయం నన్ను కలవరపెట్టింది. అరిగిన ప్రతి గ్రాము నుంచి దాదాపు 65 లక్షల సన్నటి ప్లాస్టిక్ పోగులు రాలతాయని 2024లో వచ్చిన ఒక పరిశోధన చదివాను. అవన్నీ మన సింకులోంచి డ్రైనేజీకే కదా పోయేది. అప్పటి నుంచి ముందు సబ్బునీళ్లు, పాత బనీను గుడ్డ, అప్పటికీ పోకపోతేనే స్పాంజ్. గోడ కింద పాత పేపర్ పరిచి, రాలిన పొడిని దాంట్లోనే చుట్టి చెత్తబుట్టలో వేస్తున్నాను. ఇదివరకు ప్యాకెట్ ఆరు నెలలు వచ్చేది, ఇప్పుడున్నది తొమ్మిదో నెలలో ఉంది, ఇంకా నాలుగు ముక్కలు మిగిలాయి.